గవ్వలు వేసి సంగీతం రాస్తే అది మోసమా? వీణ నేర్చుకుంటున్న అబ్బాయికి జవాబు

బాబూ, మాస్టారూ అని పిలిచి అడిగావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ప్రశ్నలు మూడని నాకర్థమైంది. విజయనగరంలో వీణ నేర్చుకుంటున్నావు, జాన్ కేజ్ అనే అమెరికన్ నాణేలు ఎగరేసి పియానో సంగీతం రాశాడని విన్నావు, "నాణెమే రాస్తే ఇక ఆయన చేసిందేంటి, ఇది మోసం కాదా" అన్నది మొదటిది. "ముందే అనుకోకుండా పుట్టేదే కదా, అప్పటికప్పుడు అల్లుకునే మన మనోధర్మం కూడా ఇదేగా" అన్నది రెండోది. నువ్వూ ఇంకో ముగ్గురూ కలిసి వీణ, వయొలిన్, వేణువు, మృదంగంతో ఇలాంటిది ఒక పది నిమిషాలు వాయించాలనుకుంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మూడోది. మీ గురువుగారు "అది సంగీతమే కాదు" అన్నారని కూడా రాశావు. దాని సంగతి తర్వాత చూద్దాం.

నేను వయొలిన్ మనిషిని. విజయనగరంలోనే నేర్చుకున్నాను, ఇప్పుడు శ్రీకాకుళంలో పిల్లలకి చెప్తున్నాను. కచేరీలతో పాటు పదిహేనేళ్ళుగా ఈ యాదృచ్ఛిక సంగీతం కూడా పట్టుకుని ఉన్నాను, కాబట్టి చేసి చూసినవే చెప్తాను.

మొదటి ప్రశ్నకి సూటి జవాబు: నాణెం ఏమీ రాయదు, నువ్వు అడిగినదానికి అవునో కాదో చెప్తుంది, అంతే. ఏం అడగాలి, ఎన్ని జవాబులకి చోటివ్వాలి, ఒక్కో జవాబుకి ఎంత అవకాశం ఉండాలి అన్నవన్నీ మనిషి కూర్చుని కట్టాల్సినవే, ఆ కట్టడమే రచన. కేజ్ 1951లో రాసిన 'మ్యూజిక్ ఆఫ్ ఛేంజెస్' చూడు. ఆయన దగ్గర పాఠాలు నేర్చుకుంటున్న క్రిస్టియన్ వోల్ఫ్ అనే కుర్రాడు చైనావాళ్ళ ప్రశ్నశాస్త్రం 'ఐ చింగ్' ఇంగ్లీషు అనువాదం తెచ్చి ఇచ్చాడు. దాన్ని ఆ అబ్బాయి నాన్నగారి ప్రచురణ సంస్థే వేసింది. అందులో మూడు నాణేలు ఒకేసారి వేస్తే ఒక గీత వస్తుంది, అలా ఆరుసార్లు వేస్తే ఆరు గీతల గుర్తు తయారవుతుంది, అలాంటి గుర్తులు మొత్తం 64. కేజ్ దానికి సరిపోయేలా ఎనిమిది వరసలు, ఎనిమిది నిలువు గళ్ళతో పట్టికలు గీసుకున్నాడు. స్వరాల పట్టికలో 32 గళ్ళలో ధ్వనులు పెట్టి, మిగతా 32 గళ్ళని నిశ్శబ్దానికి వదిలాడు. నిడివికి వేరే పట్టిక, బిగ్గరా మెల్లగా అన్నదానికి వేరే పట్టిక, వేగానికి ఇంకోటి, ఒకే సమయంలో ఎన్ని పొరలు నడవాలన్నదానికి మరోటి. అంటే ఒక్క ధ్వని కాగితం మీదకి రావాలంటే ఎన్నిసార్లు నాణేలు వేయాలో నువ్వే లెక్కేసుకో. డేవిడ్ ట్యూడర్ అనే పియానిస్టు దాన్ని 1952 జనవరి 1న న్యూయార్క్‌లో మొత్తంగా వాయించాడు. నలభై నిమిషాలకి పైబడిన ఆ సంగీతం వెనక నెలల చాకిరీ ఉంది. మోసం చేయాలనుకున్నవాడు ఇంత కష్టమైన దారి పట్టడు.

ఒక్కటి గమనించు. స్వరాల పట్టికలో సగం గళ్ళు ఖాళీగా వదలడం నాణెం నిర్ణయం కాదు. అది కేజ్ నిర్ణయం. ఆ సంగీతం వింటే మధ్యమధ్య ఉలిక్కిపడేంత నిశ్శబ్దం వస్తుంది, అది అక్కడినుంచి వచ్చిందే. ఆయన 48 గళ్ళు నింపి ఉంటే అవే నాణేలు, అవే చేతులు, ఇంకో సంగీతం వచ్చేది.

ఈ 64 లెక్క నువ్వు ఇంట్లో ఆరు గవ్వలతో చేయొచ్చు. గవ్వ వెల్లకిలా పడుతుంది, లేదా బోర్లా పడుతుంది. ఒకదాని తర్వాత ఒకటి వరసగా వేసి రాసుకుంటే రెండుని ఆరుసార్లు హెచ్చవేసినట్టు, సరిగ్గా 64 రకాలు. మొదటి గవ్వకి 32, రెండోదానికి 16, తర్వాత 8, 4, 2, 1 అని విలువలు పెట్టుకో, వెల్లకిలా పడ్డవాటి విలువలు కూడి ఒకటి కలుపు, 1 నుంచి 64 లోపు నీ గడి నెంబరు వస్తుంది. వరస మాత్రం మర్చిపోకు. ఆరూ ఒకేసారి గుప్పిట్లోంచి విసిరి "ఎన్ని వెల్లకిలా పడ్డాయి" అని మాత్రమే చూస్తే సున్నా నుంచి ఆరు వరకు ఏడు జవాబులే ఉంటాయి, వాటి బలాలు కూడా సమానంగా ఉండవు.

బలాలు సమానం కాకపోవడం అంటే ఏంటో నీకు చిన్నప్పటినుంచీ తెలుసు, అష్టా చెమ్మా ఆడే ఉంటావుగా. నాలుగు గవ్వలు పడటానికి 16 రకాలున్నాయి. రెండు వెల్లకిలా పడే రకాలు ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు, నాలుగూ వెల్లకిలా పడే చెమ్మా ఒక్కటే, నాలుగూ బోర్లా పడే అష్టా కూడా ఒక్కటే. అందుకే అష్టా పడితే అరుగంతా గోల. గవ్వ బొమ్మా బొరుసూ నాణెంలా సరిసమానం కాదు, ఒక్కో గవ్వ ఆకారాన్నిబట్టి ఒకవైపు మొగ్గుతుంది, కాబట్టి నీ గవ్వల్ని వాడేముందు ఒక్కోదాన్ని ఓ వందసార్లు వేసి రాసుకో. మొగ్గు ఉంటే తప్పేం లేదు, కానీ నీకు అది తెలిసి ఉండాలి. కొత్తగా ఈ పని మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువమంది చేసే పొరపాటు కూడా ఇదే. రెండు పాచికలు వేసి కూడితే 2 నుంచి 12 దాకా వస్తుంది కదా, పదకొండు రాగాలు పెట్టుకుందాం అంటారు. 36 రకాల్లో 7 రావడానికి ఆరు దారులున్నాయి, 2 రావడానికి ఒక్కటే. ఏడో రాగం రచనంతా ఆక్రమించేస్తుంది, "ఇదేంటి మాస్టారూ, పదేపదే అదే వస్తోంది" అని ఫోన్ చేస్తారు.

మేళకర్తల కోసం, అంటే మన 72 మూల రాగాల కోసం, నేను వాడే పద్ధతి ఒకటి చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. ఒక నాణెం, ఒక పాచిక రెండుసార్లు. నాణెం బొమ్మ పడితే శుద్ధ మధ్యమం, బొరుసు పడితే ప్రతి మధ్యమం. మొదటిసారి వేసిన పాచిక ఆ సగంలో ఎన్నో చక్రమో, అంటే ఎన్నో ఆరు రాగాల గుంపో చెప్తుంది, రెండోసారి వేసింది ఆ చక్రంలో ఎన్నో రాగమో చెప్తుంది. రెండు, ఆరు, ఆరు హెచ్చవేస్తే 72. మేళకర్త పట్టిక అచ్చంగా అలాగే కట్టారు కాబట్టి అన్ని రాగాలకీ సమానంగా 72లో ఒక వంతు అవకాశం. బొమ్మ, 3, 3 పడితే అగ్ని చక్రంలో మూడోది, 15వ మేళం మాయామాళవగౌళ. నేను మొదటిసారి వేసినప్పుడు బొరుసు, 3, 2 పడింది. రెండో సగంలో మూడోది అంటే మొత్తం మీద తొమ్మిదోది, బ్రహ్మ చక్రం, అందులో రెండోది, 50వ మేళం నామనారాయణి. శుద్ధ రిషభం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. ఆ రాగంలో నా చేతికి అలవాటైన కీర్తన ఒక్కటీ లేదు. మళ్ళీ వేద్దామా అనిపించింది. వేయలేదు. మూడు వారాలు ఆ రాగంతోనే గడిపాను, నా అంతట నేనైతే జన్మలో దాన్ని ఎంచుకునేవాణ్ణి కాదు.

ఇక్కడే నీ రెండో ప్రశ్న వచ్చేసింది. మనోధర్మంలో కల్పనస్వరం వేస్తున్నప్పుడు ముందే రాసిపెట్టుకోలేదు, నిజమే. కానీ ఆ క్షణంలో ఎంచుకునేది ఎవరు? నీ అభిరుచి, నీ గురువు బాణీ, నీ వేళ్ళకి పదేళ్ళుగా పట్టిన దారులు. ఎడుపుకి, అంటే పాట ఎత్తుకునే చోటుకి, ఎలా వచ్చి దిగుతావా అని వినేవాళ్ళు ఎదురుచూస్తుంటారు, నువ్వు దిగుతావు. మనోధర్మమంటే నువ్వు నిండుగా కనిపించే చోటు. కేజ్ నాణేలు వేసింది సరిగ్గా ఆ 'నేను'ని పక్కకి జరపడానికి, తన ఇష్టాయిష్టాలు ధ్వనికి అడ్డం రాకుండా చూసుకోవడానికి. ముందే రాసి లేకపోవడం ఒక్కటే ఈ రెండింటికీ పోలిక, ఆ తర్వాత చెరో దిక్కు. మన ఊరి ఆదిభట్ల నారాయణదాసుగారు ఒకే సమయంలో చేతులతో, కాళ్ళతో, తలతో వేర్వేరు తాళాలు నడిపించేవారని చెప్పుకుంటాం కదా, మనిషి తన శరీరం మీద, లయ మీద సాధించగల అదుపుకి అది శిఖరం. కేజ్ దారి అదుపుని వదులుకునే దారి. రెండింటికీ సాధన కావాలి. నాకు రెండూ కావాలి.

అలాగని మనకీ ఆయనకీ సంబంధం లేదనుకోకు. 1946లో అహ్మదాబాద్ సారాభాయ్ కుటుంబానికి చెందిన గీతా సారాభాయ్ న్యూయార్క్ వెళ్ళి, కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటూ బదులుగా ఆయనకి మన సంగీతం చెప్పింది. సంగీతం ఎందుకు అని ఆయన అడిగితే, మనసుని నెమ్మదింపజేసి దైవ ప్రభావానికి తెరిచి ఉంచడానికి అని తన గురువు చెప్పిన మాట చెప్పింది. రామకృష్ణ పరమహంస బోధల పుస్తకం కూడా ఇచ్చింది. ఆ మాట కేజ్‌ని జీవితాంతం పట్టుకుని ఉంది. అదే రోజుల్లో భారతీయ కళల పండితుడు ఆనంద కుమారస్వామి రచనలు చదివి, మన నవరసాల ఆలోచనతో 'సొనాటాస్ అండ్ ఇంటర్లూడ్స్' రాశాడు, 1946 నుంచి 48 దాకా. అందులో నాణేలు లేవు, ప్రతి స్వరం ఆయన ఎంచుకున్నదే. మనసు నెమ్మదించాలి అన్న ఆ మాటే నాలుగైదేళ్ళకి నాణేల దాకా తీసుకెళ్ళింది. అంతా మనదగ్గరనుంచే వెళ్ళింది అని గొప్ప చెప్పుకోవడం నాకు నచ్చదు, ఐ చింగ్ చైనాది, జెన్ బౌద్ధం ప్రభావం కూడా ఆయన మీద చాలా ఉంది. కానీ నీ వీణకీ ఈ సంగీతానికీ మధ్య దారి ఉంది, అది మనోధర్మం వైపునుంచి మాత్రం కాదు.

ఇంకో తేడా తెలియకపోతే మీ పది నిమిషాలు గందరగోళమవుతాయి. యాదృచ్ఛికం వేరు, అనిర్దిష్టం వేరు. పాచికలు వేసి రాశాక కాగితం మీద అంతా ఖాయమైపోతే అది యాదృచ్ఛికంగా రాసిన సంగీతం, వాయించేవాడికి అందులో రవ్వంత స్వేచ్ఛ ఉండదు. 'మ్యూజిక్ ఆఫ్ ఛేంజెస్' అలాంటిదే. పాపం ట్యూడర్, పడ్డ ప్రతి అక్షరం వాయించాల్సిందే. 1958లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో కేజ్ తన ఆ రచననే విమర్శించుకున్నాడు, పుట్టుక యాదృచ్ఛికమైనా వాయించేవాణ్ణి శాసించే ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడిలా తయారైందన్నాడు. అనిర్దిష్టం అంటే రాసింది కొంత తెరిచి ఉంటుంది, వాయించిన ప్రతిసారీ వేరేలా వస్తుంది. జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌసెన్ 1956 నాటి పదకొండో పియానో రచనలో ఒకే పెద్ద కాగితం మీద 19 ముక్కలుంటాయి, కన్ను ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టాలి, ఒక ముక్క అయ్యాక చూపు పడ్డ ఇంకో ముక్కకి వెళ్ళాలి, ఏదైనా ఒక ముక్క దగ్గరికి మూడోసారి చేరితే రచన అయిపోయినట్టు. టెర్రీ రైలీ 1964లో రాసిన 'ఇన్ సి'లో 53 చిన్న పలుకులుంటాయి, అందరూ అదే వరసలో వెళ్తారు కానీ ఎవరు ఏ పలుకుని ఎన్నిసార్లు వాయించాలో వాళ్ళిష్టం. మన ఊళ్ళల్లో రామకోవెల దగ్గర ఏకాహం జరిగేటప్పుడు తెల్లవారుజామున విన్నావా? నామం ఒకటే, ఎత్తుకునేవాళ్ళు మారుతుంటారు, ఎంతసేపు ఒక వరస మీద నిలవాలో ముందు ఎవరూ లెక్కపెట్టుకోరు, ఒకరి గొంతు పైకి లేస్తే మిగతావాళ్ళు జరుగుతారు. 'ఇన్ సి' మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

జెనాకిస్ అని ఇంకొకాయన ఉన్నాడు, గ్రీకు మనిషి, ఇంజనీరు. ఆయనది వేరే బడి. ఒక్కో స్వరానికీ పాచిక వేయడు, గుంపు మొత్తానికి సంభావ్యత సూత్రం పెడతాడు. రేకుల షెడ్డు మీద వాన పడుతుంటే ఏ చుక్క ఎక్కడ పడుతుందో ఎవడూ చెప్పలేడు, కానీ వాన పెరుగుతోందో తగ్గుతోందో చెవికి తెలిసిపోతుంది కదా, అదీ ఆయన లెక్క. మీ నలుగురికి ఇది పనికిరాదు, ఆర్కెస్ట్రా కావాలి, వదిలేద్దాం.

ఇప్పుడు మీ పది నిమిషాల సంగతి. మొదట అందరూ చేసేది ఏడు స్వరాలకి ఏడు చీటీలు రాసి తీయడం. దయచేసి అది చేయొద్దు. పియానోలో స్వరమంటే ఒక మెట్టు, నొక్కితే మోగుతుంది. మనకి స్వరం అలా ఉండదు. వీణ మీద గాంధారం ఏ మెట్టునుంచి లాగావు, ఎటునుంచి వచ్చి ఎటు వెళ్తున్నావు అన్నదే గాంధారం. చీటీల్లో స, గ, ప, రి, ని అని వస్తే గమకం తెగిపోయి చచ్చిన స్వరాలు మిగులుతాయి, రాగం పోతుంది, పోనీ కొత్తదేమైనా వచ్చిందా అంటే అదీ రాదు. పాచికని ఎంత చిన్న ముక్క మీద వేయాలి అన్నది ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అని నా నమ్మకం.

దీన్ని రెండున్నర శతాబ్దాల క్రితం యూరప్‌లో పాచికల ఆటలు కట్టినవాళ్ళు బాగా పట్టుకున్నారు. 1757లో కిర్న్‌బెర్గర్ అనే జర్మన్ స్వరకర్త ఒకటి అచ్చేశాడు. మొజార్ట్ పోయాక 1790లలో ఆయన పేరు మీద ఇంకోటి వచ్చింది, ఆయనే కట్టాడన్న రుజువు లేదు. అందులో 16 బార్ల (మన తాళావర్తం లాంటి చిన్న ముక్కల) నృత్య సంగీతం కోసం ఒక్కో బారుకి రెండు పాచికలు వేస్తారు, మొత్తాన్నిబట్టి 11 బార్లలో ఒకటి తీసుకుంటారు. పదకొండుని పదహారుసార్లు హెచ్చవేస్తే సుమారు 459 కోట్ల కోట్లు. కొన్ని గళ్ళలో అదే బారు మళ్ళీ వస్తుంది కాబట్టి నిజంగా వేరువేరైనవి అంతకంటే తక్కువే. ఎలా వేసినా వినసొంపుగా వస్తుంది, ఎందుకంటే పాచిక పడేది స్వరం మీద కాదు, ముందే చక్కగా చెక్కిపెట్టిన బారు మీద, ఏ గడిలో ఏ శ్రుతిమేళనం ఉండాలో ముందే కట్టేసి ఉంది. కేజ్, లెజారెన్ హిల్లర్ కలిసి 1969లో ప్రదర్శించిన హార్ప్సికార్డుల రచనలో ఈ ఆటనే కంప్యూటర్‌తో వాడుకున్నారు.

అందుకని మీరు సంచారాలు, అంటే రాగం నడకని చూపించే చిన్న పలుకులు రాసుకోండి. ఒక రాగం మీద వీణకి పన్నెండు చిన్న సంచారాలు, ఒక్కోటి ఐదారు సెకన్లకి మించకుండా, గమకంతో సహా నీ చేతికి పూర్తిగా వచ్చినవి. నాలుగు వరసలు, ఆరు నిలువు గళ్ళతో ఇరవైనాలుగు గళ్ళ పట్టిక గీసి వాటిని అందులో పెట్టు. రెండు నాణేలు వరస చెప్తాయి, పాచిక నిలువు గడి చెప్తుంది. నాణేల్లో ఏది ముందో చూసుకో, ఒకటి రూపాయి, ఒకటి రెండు రూపాయలది అయితే తికమక ఉండదు. వేణువుకీ వయొలిన్‌కీ అలాగే. గళ్ళలో కనీసం మూడో వంతు ఖాళీ ఉంచండి, మొదట్లో అందరికీ ఖాళీ అంటే భయం, అన్నీ నింపేస్తారు, నలుగురూ ఒకేసారి పలికితే చేపల మార్కెట్ అవుతుంది. వీణకి సంచారాలే కాకుండా కుండ మీద వేళ్ళతో తట్టడం, తాళం తీగలు ఒంటరిగా మీటడం, మంద్రం తీగ ఒక్కసారి మీటి పూర్తిగా ఆరిపోయేదాకా వదిలేయడం కూడా గళ్ళలో పెట్టు. మంచి బొబ్బిలి వీణ అయితే ఒంటి పనస మొద్దులో తొలిచింది కాబట్టి ఆ ఆరిపోవడమే వినదగ్గ సంగీతం.

తాళం గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం శ్రీకాకుళంలో ఒక చిన్న హాల్లో నలుగురం ఇలాగే వాయించాం. మోర్టన్ ఫెల్డ్‌మన్ అనే అమెరికన్ స్వరకర్త 1950లో సెల్లో కోసం గళ్ళ కాగితం మీద ఒక రచన చేశాడు, ఏ స్వరమో చెప్పడు, పైన, మధ్య, కింద అని మూడు అంతస్తులు, ఎంతసేపు అన్నది మాత్రం చూపిస్తాడు. అది మన మంద్ర, మధ్య, తార స్థాయిలే కదా అనిపించి అదే పద్ధతిలో ఒకటి రాశాను. అందరం ఒప్పుకున్నాం. మూడు నిమిషాలు అద్భుతంగా నడిచింది, హాల్లో ఫ్యాన్ తిరగడం కూడా సంగీతంలో భాగంలా వినిపించింది. తర్వాత మృదంగం ఆయన తెలియకుండానే ఆదితాళంలోకి జారాడు, ఒక ముక్తాయింపు వేశాడు, మూడోసారికి నా విల్లు దానంతటది షడ్జమం మీదకి వచ్చి దిగింది. వేణువు ఆయన తల ఊపాడు. అక్కడినుంచి అది మామూలు కచేరీ. హాల్లో జనం చప్పట్లు కొట్టింది కూడా సరిగ్గా ఆ ముక్తాయింపు దగ్గరే. తప్పు ఆయనది కాదు, ముప్ఫై ఏళ్ళ చెయ్యి ఆయనది, ముప్ఫై ఏళ్ళ విల్లు నాది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్వేచ్ఛ ఇచ్చాననుకున్నాను, ఆ స్వేచ్ఛలో అందరం మా అలవాట్లకే తిరిగి వెళ్ళాం. ఫెల్డ్‌మన్‌కి కూడా అదే జరిగిందని తర్వాత చదివాను, తాను విడుదల చేయాలనుకున్నది ధ్వనిని అయితే విడుదలైంది వాయించేవాడు అని బాధపడి ఆయన ఆ గళ్ళ పద్ధతిని కొన్నేళ్ళు వదిలేశాడు.

దీనికి నాకు దొరికిన మందు గడియారం. తాళం తీసేసి నలుగురూ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. కేజ్ చివరి ఐదారేళ్ళలో, 1987 నుంచి 92లో పోయేదాకా, ఎంతమంది వాయిస్తారో ఆ అంకెనే పేరుగా పెట్టి చాలా రాశాడు, 1989లో నాలుగు తంత్రీ వాద్యాలకి రాసినదాని పేరు 'ఫోర్'. వాటిల్లో ఒక ధ్వని 0:00 నుంచి 0:45 లోపు ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, 0:30 నుంచి 1:15 లోపు ఎప్పుడైనా ఆపొచ్చు అన్నట్టు కాలపు కిటికీలు ఉంటాయి. కాలానికి హద్దు ఉంది, హద్దు లోపల చోటు ఉంది. మీ సంచారాల గళ్ళకి ఇలాంటి కిటికీలు తగిలించండి, ఏ కిటికీలో ఏ గడి అన్నది నాణేలూ పాచికలూ చెప్తాయి. మృదంగానికి సొల్లుల (తకధిమి లాంటి జతుల) వరసలు ఇవ్వొద్దు, విడి దెబ్బలు ఇవ్వండి. ఒక తోపి దెబ్బ, ఒక చాపు, తర్వాత ఇరవై సెకన్లు ఏమీ లేదు. ఆయనకి ఇది అందరికన్నా కష్టం, ముందే కూర్చోబెట్టి మాట్లాడు, గౌరవంగా అడుగు.

పాచిక వేశాక పడింది నచ్చలేదని మళ్ళీ వేయకూడదు. ఇది పట్టుగా ఉండాల్సిన చోటు. ఒక్కటి మార్చావంటే మిగతావన్నీ కూడా నీకు నచ్చాయి కాబట్టి ఉంచినవే అవుతాయి, అప్పుడు పాచికలు ఎందుకు, నేరుగా నువ్వే రాసుకో. మొత్తం విన్నాక బాగోలేదనిపిస్తే తప్పు ప్రశ్నలో ఉంది. పట్టిక మార్చు, ఖాళీలు పెంచు, బలహీనమైన సంచారం తీసేసి ఇంకోటి రాయి, తర్వాత మొదటినుంచి అన్నీ కొత్తగా వెయ్యి. నేను ఒక రచనకి ఆరుసార్లు పట్టిక మార్చాను.

చెవిని సిద్ధం చేసుకోవడానికి ఒక పని చెయ్యి, ఖర్చు లేదు. కేజ్ 1951లోనే 12 రేడియోలకి ఒక రచన చేశాడు, 24 మంది వాయిస్తారు, ఒక్కో రేడియోకి ఒకరు స్టేషన్ తిప్పితే ఇంకొకరు వాల్యూమ్, టోన్ చూసుకుంటారు. ఎప్పుడు ఏ అంకె మీద ముల్లు ఉండాలో అంతా రాసి ఉంటుంది, అక్కడ ఏం వినిపిస్తుందో మాత్రం ఆ రాత్రి గాలిలో ఉన్నదాన్నిబట్టి. మొదటి ప్రదర్శన బాగా పొద్దుపోయాక జరిగింది, చాలా స్టేషన్లు మూసేశారు, ఎక్కువభాగం గరగరే. అయినా అది ఆ రచనే. మా ఇంట్లో రెండు పాత ట్రాన్సిస్టర్లు, పక్కింటివి రెండు తెచ్చి మేడమీద చేశాం. చీకటి పడ్డాక మీడియం వేవ్‌లో దూరపు స్టేషన్లు ఒకదానిమీద ఒకటి తేలుతాయి, ఒడియా వార్తలు, ఎక్కడిదో షెహనాయి, మధ్యలో ఉరుము పగిలినట్టు గరగర. మా పాప ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుంది.

మీ గురువుగారి మాటకి వస్తే, ఆయనతో వాదించకు. ఇందులో ఉన్నవాళ్ళలోనే పెద్ద తగాదాలున్నాయి, ఫ్రెంచ్ స్వరకర్త బూలేజ్ 1957లో పాచిక అన్న అర్థమొచ్చే లాటిన్ మాటనే పేరుగా పెట్టి వ్యాసం రాసి, రచయిత తన పని విధికి వదిలేయడాన్ని గట్టిగా తప్పుపట్టాడు, అయినా వాయించేవాడు దారి ఎంచుకునే పియానో సొనాటా తనూ రాశాడు. పోలండ్ స్వరకర్త లుటొస్లావ్‌స్కీ రేడియోలో కేజ్ పియానో కచేరీ రచన కొంచెం విని, ఆ దారిలో వెళ్ళకుండానే, అదుపులో ఉన్న యాదృచ్ఛికం అని తనదైన పద్ధతి కట్టుకుని 1961లో 'వెనీషియన్ గేమ్స్' రాశాడు. మీ గురువుగారు వద్దన్నదాంట్లో నిజం కూడా ఉంది. గమకం చేతికి రాకుండా ఇందులోకి దిగినవాడు తన చేతకానితనాన్ని ప్రయోగం అనుకుంటాడు. రోజూ సాధన ఆపకు. పన్నెండు సంచారాలు రాశాక ఆయనకే వినిపించి, రాగం తప్పిందేమో చూడమని అడుగు. పాచికల మాట తర్వాత చెప్పొచ్చు.

గవ్వలు కొత్తవి కొనక్కర్లేదు, మీ అమ్మమ్మ దగ్గర అడుగు. అంచు విరిగినవి మాత్రం పక్కన పెట్టు, ఎప్పుడూ ఒకవైపే పడతాయి. పట్టికలు గ్రాఫ్ పుస్తకంలో చేత్తో గీయి, వేసిన ప్రతి పాచికనీ తేదీతో రాసుకో. అదే కాగితం పెట్టుకుని రెండు వేర్వేరు సాయంత్రాలు వాయించి రికార్డు చేయండి, ఫోన్ అయినా చాలు, కిటికీ తెరిచి ఉంచండి. రెండూ పంపించు, బాగా వచ్చిందని మీరు అనుకున్నది ఒక్కటే ఏరి పంపకు.